తలుపు మీద ‘రేపు రా’ తుడిచి తేదీ వేయండి: సూపర్‌సిమెట్రీ సిద్ధాంతకర్తలకు ఒక ఫిజిక్స్ మాస్టారి బహిరంగ లేఖ

ప్రతి కణానికీ ఒక జోడీ కణం ఉంటుందనే సూపర్‌సిమెట్రీ మీద, అందులోంచి వచ్చే కృష్ణ పదార్థం (కంటికి కనబడని డార్క్ మ్యాటర్) మీద పనిచేస్తున్న సిద్ధాంత భౌతిక శాస్త్రవేత్తలందరికీ,

నమస్కారం.

నేను మీలో ఒకణ్ణి కాను. చిత్తూరు జిల్లాలో, కర్ణాటక సరిహద్దు పక్కన, ముప్పై ఏళ్లు ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెప్పి రిటైరైన వాణ్ణి. మీ పేపర్లలోని లెక్కలు సగం నాకు అర్థం కావు, మిగతా సగం అర్థమైనట్టు ఉంటాయి. అయినా ఈ ఉత్తరం రాస్తున్నానంటే, ఒకప్పుడు మీ తరఫున నేనొక మాట ఇచ్చాను. అదిప్పుడు నా మెడకు చుట్టుకుంది.

2008 సెప్టెంబరు 10న జెనీవా దగ్గర 27 కిలోమీటర్ల సొరంగంలో, ప్రోటాన్లను ఢీకొట్టే లార్జ్ హాడ్రాన్ కొలైడర్‌ను మొదటిసారి నడిపారు. అంతకుముందు కొన్ని రోజులుగా టీవీ ఛానళ్లు బ్లాక్ హోల్ పుడుతుందనీ, భూమిని మింగేస్తుందనీ ఒకటే హోరు. క్లాసులో పిల్లలకు నిజంగానే టెన్షన్. వెనక బెంచీ కుర్రాడొకడు లేచి, “సార్, రేపు రికార్డు సబ్మిట్ చెయ్యాలా, అక్కర్లేదా?” అన్నాడు. అందరూ నవ్వారు గానీ వాడు సగం సీరియస్‌గానే అడిగాడు. ప్రపంచం ఎక్కడికీ పోదు, రికార్డు తెచ్చి తీరాలని చెప్పి, ఆ ఊపులో బోర్డు మీద పెద్దక్షరాలతో ‘న్యూట్రలినో’ అని రాశాను. గెలాక్సీలను పట్టి ఉంచుతున్న కనబడని పదార్థం ఇదే కావచ్చు, ఆ మిషన్లో నాలుగైదేళ్లలో దొరుకుతుంది, పేపర్లో చదివినప్పుడు నన్ను తలుచుకోండి అన్నాను. తొమ్మిది రోజులకు సొరంగంలో హీలియం లీకై కొలైడర్ ఆగిపోయింది. అదే కుర్రాడు మర్నాడు వచ్చి, “సార్, ప్రపంచం బాగానే ఉంది, మిషనే పోయింది” అన్నాడు.

వాడిప్పుడు ఒక కార్పొరేట్ కాలేజీలో ఫిజిక్స్ లెక్చరర్. మొన్నామధ్య ఫోన్ చేశాడు. కుశల ప్రశ్నలయ్యాక, “సార్, ఆ న్యూట్రలినో దొరికిందా? మా పిల్లలకు ఏం చెప్పమంటారు?” అన్నాడు.

ఏం చెప్పను?

ఆ రోజు నేను గాలిమాట చెప్పలేదని మీకు తెలుసు. కనబడని పదార్థం ఉందనడానికి ఆధారాలు గట్టివి. 1933లో ఫ్రిట్జ్ జ్వికీ కోమా గెలాక్సీల గుంపును చూసి, ఇవి ఇంత వేగంగా తిరుగుతూ చెదిరిపోకుండా ఎలా ఉన్నాయని ఆశ్చర్యపోయాడు. 1970లో వెరా రూబిన్, కెంట్ ఫోర్డ్ ఆండ్రోమెడా గెలాక్సీ అంచుల్లోని వాయు మేఘాలు ఎంత వేగంతో తిరుగుతున్నాయో కొలిచారు. మధ్యకీ అంచుకీ వేగం పెద్దగా తగ్గడం లేదు. కనబడే నక్షత్రాల బరువుకి అది పొసగదు. విశ్వం మొత్తంలో మనకు తెలిసిన పదార్థం 5 శాతమే, కృష్ణ పదార్థం దాదాపు 26 శాతం అని ప్లాంక్ ఉపగ్రహం తేల్చింది. ఇంతవరకు పేచీ లేదు.

నన్ను పడేసింది మీ సిద్ధాంతంలోని పొందిక. సూపర్‌సిమెట్రీని కృష్ణ పదార్థం కోసం ఎవరూ పుట్టించలేదు. 1971లో మాస్కోలో గోల్ఫాండ్, లిఖ్త్‌మన్, 1974లో పడమట వెస్, జుమినో వేరే దారిలో వెళ్తూ దాన్ని పట్టుకున్నారు. మన బోసు పేరు పెట్టుకున్న బోసాన్ల జాతికీ, ఫెర్మీ పేరు పెట్టుకున్న ఫెర్మియాన్ల జాతికీ వియ్యం కలిపితే ప్రతి కణానికీ ఎదుటి జాతిలో ఒక జోడీ ఉండాలి. ఎలక్ట్రాన్‌కు సెలెక్ట్రాన్, గ్లూవాన్‌కు గ్లూయినో. అలా జోడీలు పెట్టేసరికి ఇంకో చిక్కొచ్చింది. ప్రోటాన్ క్షణాల్లో విచ్ఛిన్నమైపోయేలా ఉంది. అది బతకాలని ఆర్-పారిటీ అనే కట్టుబాటు పెట్టారు. ఆ కట్టుబాటుతో అడగకుండానే ఒక లాభం దక్కింది. జోడీ కణాల్లో అన్నిటికన్నా తేలికైనది ఇంకోదానిలోకి విడిపోలేదు. పుట్టిందంటే అది ఉండిపోవాల్సిందే. దానికి విద్యుదావేశం లేకపోతే కనబడదు, బరువు మాత్రం ఉంటుంది. కృష్ణ పదార్థానికి కావలసింది సరిగ్గా అదే. నేను బోర్డు మీద రాసిన న్యూట్రలినో అలాంటి కణమే. 1983లో గోల్డ్‌బర్గ్, 1984లో ఎల్లిస్ బృందం ఈ లెక్క కట్టారు.

ఆ పైన వచ్చేది నాకు మరీ ఇష్టం. దాన్ని నేను పిల్లలకు గంగజాతరతో చెప్పేవాణ్ణి. జాతర మైదానం కిక్కిరిసి ఉంది. ఎదురుపడిన ఇద్దరిద్దరు మాయమైపోతారు, అదీ షరతు. కిక్కిరిసినంత సేపూ జనం చకచకా తరుగుతారు. కానీ మైదానం గంటగంటకూ సాగుతోంది. ఒక దశ దాటాక ఎవరికీ ఎవరూ ఎదురుపడరు. మిగిలినవాళ్లు మిగిలిపోతారు. ఎంతమంది మిగులుతారన్నది, ఎంత దూరంలో ఉన్నవాళ్లను పోల్చుకోగలరన్నదాని మీద ఉంటుంది. చూపు పదునైతే తక్కువమంది మిగులుతారు, చూపు మందమైతే ఎక్కువమంది. తొలి విశ్వంలో న్యూట్రలినోల కథ ఇదే. ఆ ‘చూపు’కి బదులు బలహీన కేంద్రక బలాన్ని పెట్టి, కణం బరువు ప్రోటాన్‌కు వందల రెట్లు అనుకుంటే, మిగిలే పదార్థం ఇవాళ ఆకాశంలో కొలిచినదానికి దగ్గరగా వస్తుంది. మీరు దీన్ని ‘మిరకిల్’ అన్నారు. మామూలుగా సైన్సువాళ్లు వాడే మాట కాదది. ఆ మాట విన్నప్పుడే నేను కాస్త జాగ్రత్తపడాల్సింది.

తర్వాత జరిగింది మీకు నాకన్నా బాగా తెలుసు. 2012లో హిగ్స్ బోసాన్ దొరికింది, 125 జీఈవీ (ప్రోటాన్ బరువు దాదాపు ఒక జీఈవీ, వెయ్యి జీఈవీలైతే ఒక టీఈవీ). మీ లెక్కల్లో ఇమిడే బరువే, కాకపోతే దానికోసం జోడీ కణాలను బాగా బరువెక్కించాల్సి వచ్చింది. కొలైడర్ మొదలుకాక ముందు గ్లూయినో 1 టీఈవీ లోపే ఉంటుందని చాలామంది ఆశ. లేదు. శక్తి పెంచితే 2 టీఈవీలోపు వస్తుందన్నారు. సరళమైన నమూనాల్లో ఆ గీతా దాటిపోయింది, కణం లేదు. కోపెన్‌హాగెన్‌లో మీవాళ్లే పందెం కాశారు, 2016 జూన్‌లోగా సూపర్‌సిమెట్రీ కణం దొరుకుతుందా దొరకదా అని. గడువు ముగిసింది, దొరుకుతుందన్నవాళ్లు ఓడారు, కోన్యాక్ సీసాలు చేతులు మారాయి. ఓడినవాళ్లలో నోబెల్ గ్రహీత డేవిడ్ గ్రాస్ ఉన్నాడు. నాకు మీ మీద గౌరవం పెరిగిన సందర్భం అదే, ఎందుకంటే ఆ పందెంలో తేదీ ఉంది.

నేలకింద వెతుకులాట ఇంకా పదునుగా సాగింది. అమెరికాలోని సౌత్ డకోటాలో హోమ్‌స్టేక్ అనే పాత బంగారు గనిలో, కిలోమీటరున్నర లోతున, ఎల్‌జెడ్ అనే ప్రయోగం నడుస్తోంది. 10 టన్నుల ద్రవ జెనాన్‌ను మైనస్ వంద డిగ్రీల దగ్గర టైటానియం తొట్టిలో పోశారు. చుట్టూ ఒక పొర, దాని చుట్టూ శుద్ధజలం. పైనా కిందా కలిపి కాంతిని పసిగట్టే 494 గొట్టాలు రెప్పవేయకుండా చూస్తుంటాయి. కృష్ణ పదార్థ కణం వచ్చి ఒక్క జెనాన్ కేంద్రకాన్ని తట్టినా మినుకుమని ఒక వెలుగు, ఆ దెబ్బకు ఊడిన ఎలక్ట్రాన్లు పైకి తేలాక ఇంకో వెలుగు రావాలి. రెండింటి నిష్పత్తిని బట్టి తట్టింది ఎవరో చెప్పొచ్చు. 2024లో 280 రోజుల లెక్క బయటపెట్టారు. ఏమీ తట్టలేదు.

ఏమీ తట్టలేదంటే ఎంత ఏమీ లేదో చూద్దామని, మనవరాలి పలక బోర్డు తీసుకుని ఆ సంఖ్యను రాయబోయాను. 40 జీఈవీ బరువున్న కణానికి కేంద్రకంలోని ఒక్కో ప్రోటాన్ లేదా న్యూట్రాన్ ఎంత ‘అడ్డం’గా కనిపించవచ్చో వాళ్లు ఇచ్చిన గరిష్ఠ హద్దు. చదరపు సెంటీమీటర్లలో సున్నా, చుక్క, ఆ తర్వాత 47 సున్నాలు, ఆ తర్వాత 22. ఇరవైయ్యో సున్నా దగ్గర సుద్దముక్క విరిగింది, ముప్పై దగ్గర బోర్డు అయిపోయింది. బలహీన బలాన్ని మోసే జెడ్ బోసాన్ ద్వారా తట్టేటట్టయితే 38 సున్నాల దగ్గరే కనబడాలని తొలినాటి లెక్క. అంటే దాదాపు వంద కోట్ల రెట్లు పదునుగా చూసినా కనబడలేదు.

మా ఊరి సంగతి ఒకటి చెప్పాలి. 1990లలో మా వైపు రాత్రిపూట ఒక దెయ్యం వచ్చి తలుపు తడుతుందని పుకారు పుట్టింది. జనం తలుపుల మీద సుద్దతో ‘ఓ స్త్రీ రేపు రా’ అని రాసుకున్నారు. దెయ్యం వస్తుంది, చదువుతుంది, సరేనని వెళ్తుంది. మర్నాడు వస్తుంది, మళ్లీ అదే ‘రేపు’. ఏళ్ల తరబడి మా వీధిలో ఆ రాతలు వానకు కూడా చెరగలేదు. మీ సిద్ధాంతం తలుపు మీద నాకిప్పుడు అదే రాత కనబడుతోంది. ప్రయోగం చేసేవాళ్లు పాపం ఆ దెయ్యంలా వస్తున్నారు. వచ్చినప్పుడల్లా ‘ఇంకాస్త ఎక్కువ శక్తితో రేపు రండి’, ‘ఇంకాస్త పెద్ద తొట్టితో రేపు రండి’.

ఈ మాటకు మీరు నొచ్చుకుంటారని తెలుసు. మీ జవాబూ ఊహించగలను. సూపర్‌సిమెట్రీ ఒక్క నమూనా కాదు, నమూనాల కుటుంబం. ఒకటి పోయినంత మాత్రాన కుటుంబం పోదు. నిజమే. అతి చిన్నదనుకునే నమూనాలోనే వందకు పైగా కొత్త మరలున్నాయి, ఎటైనా తిప్పుకోవచ్చు. మా ఇంట్లో ఒక పాత రేడియో ఉండేది, ఎక్కడ తిప్పినా ఏదో ఒకటి పలికేది. ఏ స్టేషనో మాత్రం ఎవరికీ తెలిసేది కాదు.

ఓడిపోవడం ఎలాగో చూపించిన సిద్ధాంతం ఒకటి మీ దగ్గరి చుట్టమే. మా పెదనాన్న కోలార్ బంగారు గనుల్లో పనిచేశాడు. మా ప్రాంతం నుంచి అక్కడికి పనికి పోయినవాళ్లు చాలామంది. ‘బొంబాయి నుంచి వచ్చినోళ్లు బంగారం వదిలేసి కిందకు పోయి ఏందో లెక్కపెడతా ఉంటారు’ అని ఆయన నవ్వేవాడు. వాళ్లు లెక్కపెట్టింది, దేన్నీ పెద్దగా తట్టకుండా దూసుకుపోయే న్యూట్రినో కణాలను. 1965లో బొంబాయి టాటా ఇన్‌స్టిట్యూట్ (టీఐఎఫ్ఆర్), ఒసాకా, డర్హమ్ శాస్త్రవేత్తలు కలిసి, వాతావరణంలో పుట్టే న్యూట్రినోలను అక్కడి చాంపియన్ రీఫ్ గని లోతుల్లో పట్టుకున్నారు. 1980ల్లో అవే కోలార్ గనుల్లో ఇనుప పలకల మధ్య గొట్టాలు పేర్చి, ప్రోటాన్ చచ్చిపోతుందేమోనని కాపలా కాశారు. ఎందుకంటే ప్రకృతి బలాలను ఒకటిగా కలపబోయిన ఎస్‌యూ(5) అనే సిద్ధాంతం ధైర్యంగా ఒక గడువు చెప్పింది, ఇన్నేళ్లలో ప్రోటాన్ ఇలా విచ్ఛిన్నం కావాలి అని. కోలార్‌లో కొన్ని అనుమానపు గుర్తులు కనిపించాయి, నిలబడలేదు. అమెరికాలో ఒక ఉప్పుగనిలో పెట్టిన ఐఎంబీ తొట్టి ఆ గడువు తప్పని చూపింది. అతి సరళమైన ఎస్‌యూ(5) కథ అక్కడితో ముగిసింది. అందమైన సిద్ధాంతం, చెప్పిన మాట తప్పింది, పక్కకు తప్పుకుంది. అప్పుడు మీ సూపర్‌సిమెట్రీ వచ్చి ప్రోటాన్ ఆయుష్షును ఇంకా ముందుకు జరిపి కుటుంబాన్ని కాపాడింది! ‘రేపు రా’ అలవాటు అప్పటినుంచే ఉందేమో అని ఒక్కోసారి అనుమానం. సరదాకి అన్నాను. సగం సరదాకి.

ఇక అడగదలచుకున్నది అడుగుతాను. సూపర్‌సిమెట్రీని వదిలేయమని నేననను. దాంట్లో ఇంకా పూర్తిగా ముట్టుకోని, శుభ్రమైన మూల ఒకటి ఉంది. న్యూట్రలినో అంటే బినో, వినో, హిగ్సినో అనే జోడీ కణాల కలగలుపు. (ఈ పేర్లు చెప్పినప్పుడల్లా పిల్లలు ముగ్గురు అన్నదమ్ముల పేర్లలా ఉన్నాయని నవ్వేవాళ్లు.) అందులో అచ్చంగా హిగ్సినోనే కృష్ణ పదార్థమైతే, నేను చెప్పిన జాతర లెక్కలో తిప్పుకోవడానికి మరలేవీ మిగలవు. బరువు ఒక్కటే, దాదాపు 1.1 టీఈవీ. అటూ ఇటూ జరపడానికి లేదు. ఇన్నేళ్లలో మీ దగ్గర్నుంచి నేను విన్న అతి నిజాయితీ గల సంఖ్య అది.

చిక్కేమిటంటే, జెనాన్ తొట్టెలకు అచ్చమైన హిగ్సినో దాదాపు కనబడదు. అది తట్టే తట్టు అంత నెమ్మది, వాతావరణంలో పుట్టే న్యూట్రినోలు తట్టే సవ్వడిలో కలిసిపోతుంది. 1965లో మన కోలార్ గని లోతుల్లో పట్టుకున్నది ఆ న్యూట్రినోలనే. ఒకప్పుడు ఒక బంగారు గనిలో అంత కష్టపడి దొరికించుకున్నవి, ఇవాళ ఇంకో బంగారు గనిలో దారికి అడ్డం. కొలైడర్ కూడా హిగ్సినోల విషయంలో ఇంకా రెండు వందల జీఈవీ చుట్టుపక్కలే తడుముకుంటోంది. మిగిలినవి రెండు దార్లు. గెలాక్సీ నడిబొడ్డున హిగ్సినోలు ఒకదాన్నొకటి ఢీకొని వదిలే గామా కిరణాలను, లా పాల్మా దీవిలోనూ చిలీలోనూ కడుతున్న చెరెంకోవ్ టెలిస్కోపులు చూడొచ్చు. లేదా 91 కిలోమీటర్ల కొత్త సొరంగంలో ప్రోటాన్లను ఢీకొట్టేదాకా ఆగాలి. దానికి నేనుండను, నా శిష్యుడు కూడా బహుశా ఉండడు.

కాబట్టి ఆ టెలిస్కోపులు పూర్తి బలంతో చూడటం మొదలుపెట్టకముందే, మీరు పదిమందో వందమందో సంతకాలు పెట్టి ఒక కాగితం బయటపెట్టండి. ఇంత సున్నితత్వంతో, ఇంత కాలం చూశాక 1.1 టీఈవీ దగ్గర ఏమీ లేకపోతే, జాతర లెక్కతో మిగిలిన హిగ్సినోను మేం కృష్ణ పదార్థంగా చూపించడం మానేస్తాం అని. గెలాక్సీ నడిమధ్య కృష్ణ పదార్థం ఎంత చిక్కగా ఉందో కచ్చితంగా తెలియదు కదా అంటారు. అది నిజమైన ఇబ్బందే. అయితే ఆ వంకను కూడా ముందే రాయండి. ఎంత చిక్కదనం దాకా మీ మాట నిలబడుతుంది, ఎంత పలచబడితే మినహాయింపు అడుగుతారు, సంఖ్యతో సహా. ఫలితం వచ్చాక వెతికే వంక వేరు, ముందే చెప్పిన షరతు వేరు.

ఇంకో చిన్న కోరిక. సూపర్‌సిమెట్రీ గురించి మీరు బయటి జనానికి చెప్పే ప్రతి ఉపన్యాసంలో ఒక స్లైడ్ చేర్చండి. ఫలానా సంవత్సరం ఇక్కడ దొరుకుతుందన్నాం, దొరకలేదు, అప్పుడు ఇక్కడికి జరిపాం. ఏడాది, అంకె, అంతే. కృష్ణ పదార్థం కావచ్చనుకునే ఇంకో కణం, యాక్సియాన్‌ను వెతికేవాళ్లకూ ఇదే చెబుతాను, వాళ్ల వంతు వచ్చినప్పుడు. ఈ స్లైడ్ చూశాక కూడా ఒక అమ్మాయి మీ దగ్గర పీహెచ్‌డీకి చేరితే, లోతెంతో తెలిసి దిగినట్టు. మాలాంటి వాళ్లు బోర్డు మీద ఒక పేరు రాసి పంపితే వచ్చి చేరినట్టు కాదు.

ఇందులో మన దేశం వాటా కూడా ఉంది. ఆ 27 కిలోమీటర్ల సొరంగంలో ఒక్కో పెద్ద అయస్కాంతం పదిహేను మీటర్ల పొడవు, ముప్పై టన్నుల పైమాటే. దాన్ని వెంట్రుకవాసి తేడా లేకుండా నిలబెట్టే జాకీలు 7,080, భారతదేశంలో తయారై వెళ్లాయి. 2017 నుంచి మనం, ఆ కొలైడర్‌ను నడిపే సెర్న్ సంస్థలో అనుబంధ సభ్యులం. అక్కడ ఖర్చయ్యే డబ్బులో మా ఊరి కిరాణా కొట్టువాడి పన్ను కూడా రవ్వంత ఉంది. అడిగే హక్కుందని నేననుకోవడానికి అదొక కారణం.

నా శిష్యుడికి ఫోన్లో ఏం చెప్పానో రాసి ముగిస్తాను. “దొరకలేదురా. నేను చెప్పిన నాలుగైదేళ్లు తప్పు” అన్నాను. కాసేపు ఆగి, “మరి బోర్డు మీద ఏం రాయమంటారు సార్?” అన్నాడు. న్యూట్రలినో అనే రాయి, పక్కన ఖాళీ వదులు, వాళ్లనడిగి చెబుతానన్నాను. వాడు నిజంగానే రాసి, ఫోటో తీసి వాట్సాప్‌లో పంపాడు. పేరు, దాని పక్కన ఒక గీత, గీత మీద ఏమీ లేదు. సిలబస్‌లో లేనిది ఎందుకు చెబుతున్నావని వాళ్ల ప్రిన్సిపాల్ తుడిపించేలోగా మీ దగ్గర్నుంచి ఒక తేదీ వస్తే బాగుండు.

ఇట్లు,
బోర్డు మీద పేరు రాసిన మాస్టారు